బస్సు బోర్డు మీద ఊరి పేరు పక్కన బొమ్మ పెట్టాలా, నెంబర్ సరిపోతుందా?

పాలమూరు_ప్యాసింజర్:
మా బస్టాండ్లలో రోజూ కనిపించేదే. పల్లెవెలుగు వచ్చి ఆగగానే సగం మంది బోర్డు వైపు చూడరు, పక్కన నిలబడ్డ కాలేజీ పిల్లలను "బిడ్డా, ఇది కోస్గికి పోతదా?" అని అడుగుతారు. ఆ పిల్లలు లేకపోతే డ్రైవర్‌ను అడగాలి, ఆయన వినిపించుకునే లోపు బస్సు కదులుతుంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55 శాతం, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని జిల్లాలన్నింటిలో అదే తక్కువ. నల్గొండ 64. ఆ తర్వాత బడికి పోయిన పిల్లలు పెద్దవాళ్లయ్యారు గానీ అప్పుడు చదవలేని వాళ్లు ఇప్పటికీ ఇవే బస్సుల్లో తిరుగుతున్నారు.

అందుకే నేను అడిగేది, బోర్డు మీద ఊరి పేరు పక్కన ఒక బొమ్మ. ఇది కొత్త ఆలోచన కూడా కాదు. మెక్సికో సిటీ మెట్రో 1969లో మొదలైనప్పుడు చదువురాని వాళ్లు కూడా స్టేషన్ గుర్తుపట్టాలని ప్రతి స్టేషన్‌కు పేరుతో పాటు ఒక బొమ్మ పెట్టారు. లాన్స్ వైమన్ అనే అమెరికా డిజైనర్ మొదలుపెట్టిన పని అది, 1968 మెక్సికో ఒలింపిక్స్ లోగో డిజైన్‌లోనూ ఆయన చేయి ఉంది. చపుల్తెపెక్ స్టేషన్‌కు మిడత. తర్వాతి లైన్లో తవ్వుతుంటే మామత్ ఎముకలు దొరికాయని తలిస్మాన్ స్టేషన్‌కు మామత్ ఏనుగు బొమ్మే పెట్టారు. ఇప్పటికీ నడుస్తోంది. మనకు బొమ్మల కొరత ఉందా? సాగర్‌కు డ్యామ్, అమ్రాబాద్‌కు పులి, కొల్లాపూర్‌కు మామిడికాయ, పాలమూరుకు పిల్లలమర్రి చెట్టు.

దేవరకొండ_రోడ్డు:
అన్నా, సమస్య నిజమే, నువ్వు చెప్పే దారి మాత్రం నాకు నచ్చలేదు. సాగర్‌కు డ్యామ్ అంటున్నావు, మరి జూరాలకు? శ్రీశైలానికి? కోట అంటే మా దేవరకొండ, భువనగిరి, గద్వాల మూడూ కొట్లాడతాయి. చీర అనుకుంటే గద్వాల, నారాయణపేట, పోచంపల్లి. గుడి బొమ్మ పెడితే దర్గా ఉన్న ఊరి వాళ్లు మాదెందుకు పెట్టలేదంటారు, అది న్యాయమే కూడా. మెక్సికోలో అది కదలని స్టేషన్ గోడ మీద, ప్లాట్‌ఫాం మీద పెద్దగా ఉంటుంది. ఇక్కడ దుమ్ము పట్టిన అద్దం వెనక, ఎండ ఎదురుగా కొడుతుంటే, కదిలే బస్సు మీద.

నెంబర్ పెట్టండి. హైదరాబాద్‌లో అడ్డా కూలీలు అక్షరం రాకపోయినా 127కె చూసి ఎక్కుతారు. మా ఇంట్లో సంతకం పెట్టడం రాని వాళ్లు ఫోన్ నెంబర్లు కొడతారు, నోట్లు లెక్కపెడతారు. పది అంకెలు గుర్తుంటే రాష్ట్రంలో ఏ బస్సయినా ఎక్కొచ్చు, వందల బొమ్మలు గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. జిల్లాల్లో ఊరి పేరు, వయా తప్ప రూటు నెంబర్ రాయకపోవడమే అసలు లోపం అని నేను గట్టిగా అంటాను.

నల్గొండ_పాతమనిషి:
బొమ్మలు ఎక్కువైతే ఏమవుతుందో మా నల్గొండ 1996లో చూసింది. ఫ్లోరైడ్ నీళ్ల సమస్య దేశానికి తెలియాలని లోక్‌సభ ఎన్నికల్లో 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకమయింది. ఆ తర్వాతే లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. ఆ పోరాటాన్ని తప్పుపట్టడం లేదు, నీళ్ల కోసం అంతకన్నా ఏం చేస్తారు. నేననేది, మొదటి సాధారణ ఎన్నికల నుంచి మన జనం గుర్తు చూసి ఓటేస్తున్నారు, పది పదిహేను గుర్తులున్నప్పుడు ఎవరికీ ఇబ్బంది లేదు, వందలు దాటితే గుర్తు ఉన్నా వెతకడమే కష్టం.

పాలమూరు_ప్యాసింజర్:
సార్, అదే ఉదాహరణ నా వైపు కూడా మాట్లాడుతుంది. ఓటరు గుర్తులన్నీ బట్టీ పట్టలేదు, తనకు కావాల్సిన ఒక్కటి తెలుసుకుని దాన్ని వెతికింది. బస్సుకూ అంతే. కోస్గి అవ్వకు కోస్గి బొమ్మ తెలిస్తే చాలు. పైగా ఒక ప్లాట్‌ఫాం ముందు ఒకేసారి నిలబడేవి నాలుగైదు బస్సులే కదా. ఊరూరికీ బొమ్మ వద్దు, ఒప్పుకుంటా, పెద్ద రూట్లకే పెడదాం, ఒక బస్టాండు నుంచి బయలుదేరే వాటిలో ఒకదానికొకటి పోలిక లేకుండా చూసుకుంటే సరిపోతుంది.

మక్తల్_బార్డర్:
మా దగ్గర ఇంకో చిక్కు. రాయచూరు బస్సు కన్నడ బోర్డుతో వస్తుంది, తెలుగు చదవడం వచ్చిన వాళ్లు కూడా దాని ముందు చదువురాని వాళ్లే. ఇక్కడ ఉర్దూ మాత్రమే చదివే వాళ్లున్నారు, తండాల నుంచి వచ్చే పెద్దవాళ్లు ఇంట్లో లంబాడీ తప్ప మాట్లాడరు. ఇన్ని భాషలు ఒక బోర్డు మీద పట్టవు. నెంబరో బొమ్మో, ఏదో ఒకటి అందరికీ కావాలి.

ఆశావర్కర్_అక్క:
మీరందరూ ఊరి పేరు దగ్గరే ఆగిపోయారు తమ్ముళ్లూ. ఆడవాళ్లకు రోజూ టెన్షన్ పెట్టేది వేరే. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో మనకు ఉచితం. డీలక్స్, సూపర్ లగ్జరీలో టికెట్ కొనాలి. ఊరు సరిగ్గానే తెలుసుకుని ఎక్కుతారు, కండక్టర్ వచ్చి డీలక్స్ అమ్మా అంటాడు, చేతిలో డబ్బులుండవు, నలుగురిలో మూటలు పట్టుకుని దిగాలి. నాతో ఆసుపత్రికి వచ్చే గర్భిణులతో ఇలా జరగడం చూశాను, ఆ అవమానం చిన్నది కాదు. "ఎక్స్‌ప్రెస్", "డీలక్స్" అనే అక్షరాలు చదవగలిగితేనే ఆ తేడా తెలుస్తుంది.

తలుపు పక్కన ఒక గుర్తు కావాలి, ఎక్కక ముందే కనపడాలి. అయితే ఏ గుర్తు? ఆడమనిషి బొమ్మ పెడితే లేడీస్ స్పెషల్ అనుకుని మగవాళ్లు ఆగిపోతారు, లేదా అది ఆడవాళ్ల తలుపు అనుకుంటారు. రూపాయి గుర్తు మీద అడ్డగీత కొడితే నగదు తీసుకోరు, ఫోన్ పే చేయాలేమో అనుకుంటారు. ఆధార్ కార్డు బొమ్మ పెడితే కొంచెం దగ్గరగా వస్తుంది, చూపించేది అదే కాబట్టి. నాకు తేలడం లేదు గానీ ఊరి బొమ్మల కన్నా ఇది ముందు చేయాల్సిన పని.

రేడియం_కటింగ్:
నేను బండ్లకు రేడియం స్టిక్కర్లు, నెంబర్ ప్లేట్లు, బోర్డులు చేసేవాణ్ణి, అంతకు ముందు పెయింటు కూడా. కంప్యూటర్ స్క్రీన్ మీద అందంగా కనిపించిన బొమ్మ బస్సు మీదకు వచ్చేసరికి మాయమవుతుంది. సన్న గీతలు దూరానికి కలిసిపోతాయి. లోపల వివరాలు లేకుండా ఆకారం నిండుగా నల్లగా ఉండాలి, ఆ ఆకారం అంచుతోనే గుర్తుపట్టేలా ఉండాలి. పులి ముఖం పెడితే కుక్కో పిల్లో తెలియదు, పక్కనుంచి నడిచే పులి, తోక పైకి పెడితే తెలుస్తుంది. బస్సు బొమ్మ కూడా ఎదురు నుంచి గీస్తే లారీ, వ్యాన్ లాగే ఉంటుంది, పక్కనుంచి కిటికీల వరుస చూపిస్తే పసిపిల్లలు కూడా చెబుతారు. గేటు లేని రైల్వే క్రాసింగ్ బోర్డు మీద ఇప్పటికీ పొగగొట్టం ఉన్న ఆవిరి ఇంజన్ బొమ్మే ఉంది, అలాంటి ఇంజన్లు మామూలు లైన్ల మీద తిరగడం ఎప్పుడో పోయింది, అయినా దాన్ని చూసి ఎవరూ పొరపడరు. కరెంటు ఇంజన్ గీస్తే డబ్బా లాగా ఉంటుంది మరి. పాతదైనా అంచు బాగుంది కాబట్టి పనిచేస్తోంది.

విదేశీ బొమ్మలు తెచ్చి అతికించడం కూడా ఆపాలి. అమెరికా రవాణా శాఖ కోసం 1974లో 34, 1979లో మరో 16, మొత్తం 50 గుర్తులు తయారుచేశారు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, అందుకే ప్రపంచమంతా అవే. చాలా బాగా గీశారు, కాదనను. అయితే అందులో ఆడమనిషి గౌను వేసుకుని ఉంటుంది. ఒక బస్టాండులో టాయిలెట్ మీద అదే అతికిస్తే, అది చిన్నపిల్లలకనుకొని పెద్దావిడలు వెనక్కి తిరగడం నేనే చూశాను. మనవాళ్లు బొట్టు పెట్టిన ముఖం, మీసం, తలపాగా గీసేవాళ్లు, దాంతో గొడవ లేదు. విచారణ కౌంటర్ మీద ప్రశ్నార్థకం, లేదంటే ఇంగ్లిష్ ఐ అక్షరం పెడతారు, అక్షరం రాని మనిషికి అది బొమ్మ ఎలా అవుతుంది? పార్కింగ్ పీ కూడా అంతే. ఇంక పైకి చూపించే బాణం: నేరుగా వెళ్లమనా, మెట్లెక్కమనా?

దేవరకొండ_రోడ్డు:
అన్నా, ఇంత చెప్పాక కూడా ఎవరికి వారు "జనానికి అర్థమవుతుంది", "అర్థం కాదు" అని ఇక్కడ కూర్చుని అనుకుంటున్నాం. మనమందరం చదవడం వచ్చినవాళ్లం.

పాలమూరు_ప్యాసింజర్:
సరైన మాట. దీనికి పద్ధతి ఉంది. గుర్తులను పరీక్షించడానికి ఐఎస్ఓ 9186 అని అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. అందులో ఒక పరీక్ష, బొమ్మ ఎక్కడ పెడతారో చెప్పి "దీనర్థం ఏమిటి" అని అడగడం, నాలుగు జవాబులు ఇచ్చి ఎంచుకోమనడం కాదు. అమెరికాలో ప్రమాద హెచ్చరిక గుర్తులకు ఏఎన్ఎస్ఐ అనే ప్రమాణాల సంస్థ పెట్టిన ప్రమాణం ఉంది, 85 శాతం మంది సరిగ్గా చెప్పాలి, ప్రమాదకరంగా తలకిందులుగా అర్థం చేసుకున్నవాళ్లు 5 శాతం దాటకూడదు. నాకు ఆ రెండో షరతే ముఖ్యం. అక్క చెప్పిన ఉచిత బస్సు గుర్తుకు అదే పెట్టాలి: అర్థం కాక కండక్టర్‌ను అడిగితే నష్టం లేదు, డీలక్స్‌ను ఉచితం అనుకుని ఎక్కితే నష్టం.

ఆశావర్కర్_అక్క:
అడిగేటప్పుడు "ఇది ఉచితం గుర్తు, బాగుందా అమ్మా" అంటే అందరూ బాగుంది బిడ్డా అనే అంటారు, మనసు నొప్పించడం ఇష్టం లేక. నేను సర్వేలు తిరిగినప్పుడు గమనించిందే. కార్డు చూపించి ఊరుకోవాలి. మగవాళ్లు పక్కన నిలబడి జవాబు చెప్పేస్తారు, వాళ్లను పక్కకు పంపాలి. తండా పెద్దవాళ్లను లంబాడీలో అడిగే మనిషి ఉండాలి, మా ఊళ్లో ఒకమ్మాయి ఉంది, మాట్లాడతా.

దేవరకొండ_రోడ్డు:
నేనూ వస్తా, ఒక్క షరతు. నెంబర్ కార్డులు కూడా అదే పరీక్షలో ఉండాలి, బొమ్మలకు పెట్టిన దూరమే, అంతే సైజు. ముందు చూపించి, తర్వాత వాళ్లు వేరే మాటల్లో పడ్డాక ఐదారు కార్డుల్లో ఏది మీ బస్సు అని అడగాలి. బొమ్మ గెలిస్తే బొమ్మే పెట్టమని అర్జీ మీద నేనే మొదటి సంతకం పెడతా.

నల్గొండ_పాతమనిషి:
సంత రోజు పెట్టుకోండి, పల్లెల నుంచి వచ్చే వాళ్లు అప్పుడే దొరుకుతారు. పగలు ఒకసారి, బస్టాండు లైట్లు వేశాక ఒకసారి. కళ్లజోడు లేని ముసలివాళ్లను వదిలిపెట్టొద్దు.

రేడియం_కటింగ్:
కార్డులు నేను కట్ చేసి ఇస్తా, డబ్బులు వద్దు. పసుపు మీద నలుపు ఒక సెట్, తెలుపు మీద నలుపు ఒక సెట్ చేస్తా. బస్సు బోర్డు ఎత్తు ఎవరైనా టేపు పెట్టి కొలిచి ఇక్కడ రాయండి, అంత సైజుకే కోస్తాను.