విశాఖ తీరంలో ఒడ్డు నుంచి గాలం వేయడానికి సరైన వేళను ఎలా ఎంచుకోవాలి?

మధురవాడ వాసి

అందరికీ నమస్కారం. ఉద్యోగం వల్ల నాకు ఆదివారాలు, అప్పుడప్పుడు వారం మధ్యలో ఒక పూట మాత్రమే తీరిక దొరుకుతుంది. పడవ లేదు. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, లేదా మంగమారిపేట రాళ్ళ వైపు, ఒడ్డునే నిలబడి గాలం వేస్తుంటాను. రొయ్య ఎర, అప్పుడప్పుడు కృత్రిమ ఎర వాడతాను. నాకు అర్థం కానిది ఒక్కటే. అదే చోట, అదే ఎరతో ఒక ఆదివారం గంటలోనే చేపలు వరుసగా పడతాయి; మరో ఆదివారం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నిలబడినా గాలాన్ని తాకిన చేప ఉండదు.

ఊళ్ళోని పెద్దలు అమావాస్య, పౌర్ణమి చూసుకుని రమ్మంటారు. కొందరు మిత్రులు తిథితో పని లేదు, సూర్యోదయానికి అక్కడ ఉంటే చాలు అంటారు. హ్యూస్టన్‌లో ఉంటున్న మా బావగారు చాలాకాలంగా దగ్గర్లోని గల్వెస్టన్ తీరంలో చేపలు పడుతున్నారు. ఆయన చంద్రుణ్ణి పక్కన పెట్టి గాలిని చూడమంటారు. ఫోన్‌లోని చేపల వేట ఆప్ మాత్రం రోజుకు ఇన్ని నక్షత్రాలని గుర్తులు చూపిస్తుంది. వీటిలో దేనికి ఎంత విలువ ఇవ్వాలి? వెళ్ళే రోజు నా చేతిలో లేనప్పుడు, ఆ రోజుకు తగిన గంటను, చోటును ఎలా నిర్ణయించుకోవాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

ఏటిమొగ

నమస్కారం అండి. మీరు చెప్పిన రెండు ఆదివారాల మధ్య చోటు మారలేదు, ఎర మారలేదు కాబట్టి, ముందుగా నీటి కదలికను అనుమానించాలి. పండుగప్ప, పార, మాగ వంటి చేపలు తమ ఆహారం వెంట పడి తిరగడం కంటే, పరుగెత్తే నీటిలో కొట్టుకొచ్చే రొయ్యలను, చిన్న చేపలను ఏదో ఒక రాయి చాటున గానీ మొగ అంచు లోతులో గానీ కాచుకుని పట్టుకోవడానికే ఎక్కువగా ఇష్టపడతాయి. పోటు (ఒడ్డుకు ఎక్కే నీరు) పూర్తిగా నిండి నీరు నిలిచిపోయిన వేళ ఆ ఆహారం నలుదిక్కులా చెదిరిపోతుంది, వేటాడే చేప కూడా మెత్తబడుతుంది. అందువల్ల నా దృష్టిలో నీటి పరుగుదే మొదటి స్థానం, వెలుతురుది రెండవ స్థానం; రెండూ కలిసిన గంట దొరికితే దానిని వదులుకోకూడదు.

మన తీరంలో రోజుకు రెండేసి సార్లు ఆటుపోట్లు వస్తాయి, ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటాయి. అమావాస్య, పౌర్ణమి వెళ్ళిన ఒకటి రెండు రోజులకు విశాఖ వద్ద పోటుకు, ఆటుకు (దిగే నీటికి) మధ్య నీటిమట్టంలో తేడా సుమారు 1.4 మీటర్లు ఉంటుంది; అష్టమి దాటాక అది అర మీటరు చుట్టూ పడిపోతుంది. దాదాపు అదే ఆరు గంటల వ్యవధిలో రెట్టింపుకు మించిన నీరు కదలాలి కనుక పరుగు బలపడుతుంది. పెద్దలు ఆ తిథులను చెప్పడం వెనుక ఉన్న కారణం ఇదే. ఆ ఆరు గంటల్లో కూడా నీరు ఒకే వేగంతో ఎక్కదు, దిగదు. మొత్తం మార్పులో సగం వరకు మూడో గంటలో, నాలుగో గంటలో జరిగిపోతుంది.

ఇక పంచాంగం మనకు మరో మేలు కూడా చేస్తుంది. విశాఖ తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఉదయం, రాత్రి కూడా సుమారు ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య పోటు నిండుతుంది. అంటే ఆటు తెల్లవారుజామున రెండు, మూడు గంటల మధ్య ముగుస్తుంది, సూర్యోదయానికి పోటు మంచి ఊపు మీద ఉంటుంది. సాయంత్రం చీకటి పడే వేళకు కూడా అదే పరిస్థితి. రాళ్ళ దగ్గరకు, ఇసుక తీరానికి అది చాలా అనువైన సమయం, ఎందుకంటే ఎక్కే నీటితో చేప ఒడ్డుకు దగ్గరగా వస్తుంది. అదే ఏకాదశి, ద్వాదశి నాడు పోటు ఉదయం ఐదు, ఆరు గంటల ప్రాంతానికే నిండిపోయి, వెలుతురు వచ్చేసరికి నీరు దిగడం మొదలవుతుంది. అప్పుడు రాళ్ళను వదిలి మొగకు వెళ్ళాలి. లోపలి ఉప్పుటేరులో, గడ్డి అంచుల్లో రాత్రంతా మేసిన రొయ్యలు, కత్తిపరిగె పిల్లలు దిగే నీటితో ఆ ఇరుకు దారి గుండానే బయటకు రావాలి, పెద్ద చేపలు అక్కడే కాచుకుని ఉంటాయి. ఈ గంటలు సుమారుగా చెప్పినవే. వెళ్ళే ముందు సర్వే ఆఫ్ ఇండియా వారి పట్టికలోనో, హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వెబ్‌సైట్‌లోనో ఆ రోజు వేళను చూసుకోవాలి.

మీ బావగారి మాట గల్వెస్టన్‌కు సరైనదే. అక్కడ చాలా రోజుల్లో ఒకే పోటు, ఒకే ఆటు వస్తాయి, తేడా సాధారణంగా రెండడుగుల లోపే ఉంటుంది. శీతాకాలంలో బలమైన ఉత్తర గాలి అఖాతంలోని నీటిని పట్టికలో చెప్పిన మట్టం కన్నా కిందికి నెట్టేస్తుంది. ఆ సూత్రాన్ని మన తీరానికి యథాతథంగా వర్తింపజేయలేము. ఆప్‌లలోని నక్షత్రాల గుర్తులు చాలావరకు 1926లో జాన్ ఆల్డెన్ నైట్ అనే అమెరికన్ ప్రతిపాదించిన సోల్యునార్ లెక్క మీద ఆధారపడినవి. అది చంద్రుడు నడినెత్తికి వచ్చే వేళను ముఖ్యంగా చూస్తుంది. ఏ తీరంలోనైనా ఆ వేళకు, పోటు వేళకు మధ్య వ్యవధి దాదాపు స్థిరంగా ఉంటుంది కాబట్టి, పోటు పట్టిక చూసేవారికి ఆ గుర్తులు కొత్తగా చెప్పేది తక్కువని నా అభిప్రాయం.

తూరుపు ఒడ్డు

పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను. అయితే మీరు నిలబడేది రాళ్ళ మీద కాబట్టి గాలిని, అలను రెండో వరుసలో పెట్టవద్దని మనవి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు తుఫాను లేని రోజుల్లో తెల్లవారుజామున నేల మీది నుంచి సముద్రం వైపు చల్లగాలి వీస్తుంది, ఒడ్డు దగ్గర నీరు నునుపుగా ఉంటుంది, ఎరను దూరం విసరగలుగుతాము. పది, పదకొండు గంటలకు గాలి సముద్రం వైపు నుంచి తిరుగుతుంది. మార్చి తర్వాత మధ్యాహ్నపు దక్షిణ గాలి ఎంత బలపడుతుందంటే, పోటు ఎంత మంచిదైనా దారం గాలికి విల్లులా వంగిపోయి చేప తాకిడి చేతికి తెలియదు. ఎండాకాలంలో లోతు తక్కువ నీరు మధ్యాహ్నానికి బాగా వేడెక్కి చేపలు లోతుకు జరుగుతాయి. అందువల్ల ఏప్రిల్, మే నెలల్లో ఉదయపు పోటు ఎనిమిది గంటలు దాటాక మొదలయ్యే రోజైతే, నేను సాయంత్రం చీకటి పడే వేళనే ఎంచుకుంటాను.

నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణ దిక్కు నుంచి వచ్చే పొడవాటి అలలు చాలా ప్రమాదకరమైనవి. సముద్రం చాలాసేపు ప్రశాంతంగా కనిపించి, తర్వాత ఒక్కసారిగా రెండు మూడు పెద్ద అలలు వరుసగా వచ్చి రాళ్ళను ముంచెత్తుతాయి. రాళ్ళ మీదికి దిగే ముందు కనీసం ఇరవై నిమిషాలు దూరంగా నిలబడి, తడి ఎంత ఎత్తు వరకు చేరుతున్నదో గమనించండి. తడిసిన రాయి మీద నిలబడవద్దు. ఇన్‌కాయిస్ ఎత్తైన అలల హెచ్చరిక జారీ చేసిన రోజున, విశాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం ఏదైనా చెప్పిన రోజున, తిథి ఎంత అనుకూలంగా ఉన్నా ఇంట్లోనే ఉండాలి. అక్టోబరు, నవంబరుల్లో మన తీరానికి ఇది మరీ ముఖ్యం. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న తీరం దాటిన సంగతి విశాఖ వారికి నేను గుర్తు చేయనక్కర్లేదు.

వశిష్ఠ గట్టు

నేను గోదావరి వైపు వాడిని, అంతర్వేది దగ్గర ఉప్పుటేళ్ళలో గాలం వేస్తాను. మొగ నుంచి లోపలికి వెళ్ళేవారికి ఒక విషయం చెప్పాలి. పట్టికలోని వేళ రేవు దగ్గరిది. ఇరుకు మొగ గుండా నీరు లోపలికి చేరడానికి సమయం పడుతుంది కనుక, బయట పోటు నిండిపోయిన తర్వాత కూడా లోపల ఇంకా చాలాసేపు నీరు ఎక్కుతూనే ఉంటుంది. ఇసుక మేటలు వేసి మొగ సన్నబడిన ఏడాది ఈ ఆలస్యం ఇంకా పెరుగుతుంది. అందుకే ఎవరి చోటుకు వారే లెక్క కట్టుకోవాలి. గట్టు అంచున ఒక కర్ర పాతి, పదేసి నిమిషాలకు నీటి గీత ఎక్కడుందో గుర్తు పెట్టండి. తేలే మడ ఆకు ఏ దిక్కుకు, ఎంత వేగంతో వెళ్తున్నదో చూడండి. ఆ తేడాను పట్టిక పక్కన రాసుకుంటే, అది ఆ చోటుకు చాలాకాలం పనికివస్తుంది.

కాలం సంగతి కూడా చూసుకోవాలి. జూలై నుంచి సెప్టెంబరు వరకు వరద వచ్చినప్పుడు ఎర్ర నీరు ఉప్పునీటిని సముద్రంలోకి నెట్టేస్తుంది, ఆ రోజుల్లో పాయల లోపల నిలబడడం వృథా. నీళ్ళు తేటపడడం మొదలయ్యాక, బురద నీరు, తేట నీరు కలిసే గీత వెంబడి మంచి వేట దొరుకుతుంది. పండుగప్ప మొదట మగచేపగా ఎదిగి, పెద్దయ్యాక ఆడచేపగా మారుతుంది, గుడ్లు పెట్టడానికి ఉప్పునీటి వైపు వస్తుంది. కనుక వానాకాలంలో మొగ దగ్గర పడే భారీ పండుగప్పను వీలైతే నీటిలోకి వదిలివేయమని చేతులు జోడించి కోరుతున్నాను.

మధురవాడ వాసి

అందరికీ ధన్యవాదాలు. నా నోట్సు తిరగేసి చూస్తే, చేపలు పడని రోజుల్లో ఎక్కువ భాగం అష్టమి, నవమి దగ్గర్లోనే ఉన్నాయి. నాకు తీరిక ఉన్న రాబోయే ఆదివారం కూడా నవమే. అటువంటి రోజున వెళ్ళడం మానుకోవాలా, లేక చేయదగినది ఏమైనా ఉందా?

ఏటిమొగ

మానుకోనక్కర్లేదు అండి. నవమి నాడు పోటు తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల ప్రాంతంలో నిండుతుంది, కాబట్టి వెలుతురు వచ్చేసరికి ఆటు మధ్యలో ఉంటుంది. పరుగు బలహీనమే గాని పూర్తిగా లేకపోదు. రాళ్ళను, తెరిచిన ఇసుక తీరాన్ని వదిలి, నీరు ఇరుకులో పడి కాస్త వేగం పుంజుకునే చోటుకు వెళ్ళండి: మొగలో అన్నిటికన్నా సన్నని భాగం, వంతెన స్తంభాల వెనుక, గట్టు మలుపు తిరిగి లోతైన చోటు. సీసం గుండు బరువు తగ్గించండి. పరుగు తక్కువ కనుక తేలిక గుండు కూడా ఎరను నిలబెడుతుంది, రొయ్య సహజంగా కదులుతుంది. సూర్యోదయానికి అరగంట ముందే మొదటి ఎర నీటిలో ఉండాలి. తొమ్మిది, పది గంటల మధ్య నీరు నిలిచిపోతుంది కాబట్టి, ఆ తర్వాత మధ్యాహ్నం వరకు నిలబడకుండా ఇంటికి వచ్చేయండి. సాయంత్రం మళ్ళీ వెళ్ళే వీలుంటే నాలుగున్నరకు చేరుకోండి. ఆ పూట ఆటు చీకటి పడే వరకు సాగుతుంది.