బెరెట్టా 92: సేఫ్టీ ఉన్న ఎఫ్ఎస్ కొనాల్నా, డీకాకర్ ఒక్కటే ఉన్న జి కొనాల్నా?

దేవరకొండ–డాలస్:
ఊరు దేవరకొండ, ఉండేది డాలస్ల. బెరెట్టా 92 పిస్టల్ తీసుకునుడు ఖాయమైంది, గ్లాక్ (ఇంకో కంపెనీ పిస్టల్) ముచ్చట ఈడ ఎత్తకున్రి. షాపుల మూడు కనవడ్డయి: వాడిన 92ఎఫ్ఎస్ ఒకటి, కొత్త 92ఎక్స్ల జి రకం ఒకటి, ఎం9ఎ4 (92లనే ఇంకో రకం) ఒకటి. ఇంట్ల రక్షణకు, రేంజ్ మీద నెలకు 200 రౌండ్లకు (తూటాలకు) కావాలె. కుడిచేతి వాటం, అరచెయ్యి మధ్యరకం.

అసలు అనుమానం స్లైడ్ (పిస్టల్ల ముందుకు వెనకకు జరిగే పై భాగం) మీది మీట గురించి. ఎఫ్ఎస్ల మీట కిందికి నొక్కితే హ్యామర్ (వెనక నుంచి దెబ్బ కొట్టే సుత్తి) తూటా పేలకుండ పడ్తది (డీకాకర్ అంటే గిదే), మీట ఆడనే ఆగి సేఫ్టీ అయితది. జి ల హ్యామర్ పడ్డంక మీట తనంతట తనే పైకి లేస్తది, సేఫ్టీ అనేదే ఉండదు. ఏది మేలు? ఊకె "ఇది బాగుంటది" అనకుండ, ఎందుకో చెప్పున్రి.

వనపర్తి రిపేరు:
జి. ఇంకో మాట లేదు.

ఎందుకో చెప్త. పిస్టల్ జామ్ అయితే స్లైడ్ను అరచేత్తోటి మీది నుంచి పట్టి గుంజుతం గద. 92ల మీటలు సరిగ్గ ఆ పట్టు కిందనే ఉంటయి, రెండు దిక్కులా. గుంజేటప్పుడు అరచెయ్యి వాటిని కిందికి తోస్తది. ఎఫ్ఎస్ల కిందికి అంటే సేఫ్టీ. కొత్త రౌండ్ చాంబర్లకు (తూటా కూసునే అరలకు) ఎక్కుతది, హ్యామర్ మాత్రం పడిపోతది, ట్రిగ్గర్ వట్టిగ ముందుకు వెనకకు ఊగుతది, ఏం గాదు. జామ్ ఇంక పోలేదేమో అనుకొని మళ్లా అట్లనే గుంజుతవు, మంచి రౌండ్ కింద పడ్తది, మీట కిందనే ఉంటది. జి ల ఇదే పొరపాటు జరిగితే హ్యామర్ పడ్తది, మీట లేస్తది, ట్రిగ్గర్ నొక్కితే డబుల్ యాక్షన్ల (అంటే ట్రిగ్గరే హ్యామర్ను లేపి పడేసుడు) బరువుగనైన పేలుతది. తేడా గింతే, కని అవసరం పడ్డనాడు గదే అసలు తేడా.

మిర్యాలగూడ సాంబ:
రిపేరన్నా, మీరు చెప్పింది నిజమే, కని సగమే.

ఎఫ్ఎస్ మీట ఉత్త సేఫ్టీ గాదు. దాని డ్రమ్ (మీటతోటి తిరిగే గుండ్రటి భాగం) లోపల ఫైరింగ్ పిన్కు (తూటాను కొట్టే సూదికి) వెనక ఒక చిన్న ముక్క ఉంటది. హ్యామర్ దెబ్బ ఆ ముక్క మీద పడి పిన్కు అందుతది. మీట దించితే డ్రమ్ తిరిగి ఆ ముక్క వరస తప్పుతది, హ్యామర్ పడ్డా దెబ్బ పిన్ దాక పోదు. ఇంకో సంగతి, సేఫ్టీ దించి ఉంచి కూడ స్లైడ్ గుంజొచ్చు. అంటే రౌండ్ ఎక్కించుడు, దించుడు రెండు పనులూ సేఫ్టీ మీదనే అయితయి. ఫ్రేమ్ (పిడి ఉండే కింది భాగం) మీద సేఫ్టీ ఉండే చానా పిస్టళ్లల్ల గది కుదరదు, సేఫ్టీ పెడితే స్లైడే కదలదు. పిల్లలున్న ఇంట్ల రోజూ లాకర్ల నుంచి తీసి, పెట్టేటోనికి ఇది చిన్న సంగతి గాదు.

అరచేత్తోటి గుంజితే మీట పడ్తది అంటరా, రెండు వేళ్లతోటి స్లైడ్ వెనక గీతల కాడ పట్టి గుంజున్రి. లేకుంటె స్లైడ్ స్టాప్ను (స్లైడ్ను వెనక ఆపి పట్టే మీటను) బొటనవేలితోటి దించున్రి. పట్టు మార్చుకుంటె అయిపోయేదానికి పిస్టల్నే మార్చుడెందుకు?

వనపర్తి రిపేరు:
చెమట చేత్తోటి, హడావుడిల రెండు వేళ్ల పట్టు నిలుస్తదా సాంబా? గీతల కాడ స్లైడ్ మందమే ఎంత? రికాయిల్ స్ప్రింగ్ (స్లైడ్ను వాపస్ ముందుకు తోసేది) ఒత్తిడికి తోడు హ్యామర్ను కూడ తొక్కి వెనకకు గుంజాలె. పండ్లు కొరుక్కుంట చేసే పని గది.

రిజర్వు ఆర్మరర్, నల్గొండ:
ఇద్దరూ వదిలేసిన ముచ్చట ఒకటున్నది. మీట ఏ దిక్కు పోతే ఏమైతదనేది.

మన దగ్గర పోలీసోళ్లు, ఫౌజుల పనిచేసినోళ్లు ఎక్కువ చూసింది 9ఎంఎం ఆటో 1ఎ. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీది, బ్రౌనింగ్ హై పవర్ నమూనా. దానికి సేఫ్టీ ఫ్రేమ్ మీద ఉంటది. బొటనవేలితోటి కిందికి తోస్తే పేలేటందుకు తయ్యారు. 1911 (అమెరికా పాత పిస్టల్) కూడ అంతే. 92ఎఫ్ఎస్ల కిందికి తోస్తే పేలదు. పూరా ఉల్టా. హై పవర్ అలవాటున్న చెయ్యి ఎఫ్ఎస్ తీసుకుంటే, తొందరల తానే సేఫ్టీ వేసుకుంటది. అట్లాంటి చేతికి జి ఇచ్చుడే మంచిది.

ఇంకోటి ఇంతకన్న ముఖ్యం. హై పవర్ల మ్యాగజీన్ (తూటాల డబ్బి) తీస్తే ట్రిగ్గర్ పనిచెయ్యదు. బెరెట్టా 92ల అట్ల గాదు. మ్యాగజీన్ జేబుల పెట్టుకున్నా చాంబర్ల రౌండ్ ఉంటే పేలుతది. ఎఫ్ఎస్ అయినా జి అయినా ఇంతే. మ్యాగజీన్ తియ్యాలె, స్లైడ్ గుంజి చాంబర్ కండ్లతోటి చూడాలె, వేలు పెట్టి తడిమి చూడాలె. ఈ వరుస తప్పొద్దు.

అసలు జి అనే అక్షరమే ఫ్రాన్సు జాండర్మరీ (ఆడి సైనిక పోలీసు దళం) కాడికెళ్లి వచ్చింది. వాళ్లకు సేఫ్టీ వద్దు, డీకాకర్ చాలు అన్నరు. అమెరికా సైన్యం 1985ల ఎం9 అని తీసుకున్నది మాత్రం సేఫ్టీ ఉన్న రకమే. 2017ల సిగ్ పి320 అనే పిస్టల్ను ఎంచుకున్నంక ఎం9 రోజులు దగ్గరవడ్డయి. అంటే రెండు సర్కార్లు రెండు తీర్ల తీర్పు ఇచ్చినయి, మనం ఈడ కొట్లాడుడు కొత్తేం గాదు.

ఊరి నుంచి చదివే పిల్లలకు ఒక మాట. 9x19 (ఈ బెరెట్టా కాల్చే తూటా సైజు) మన దేశంల మామూలు పౌరులకు నిషిద్ధ బోరు. లైసెన్సు మీద దొరికేవి .32, .22 లాంటివి. ఇషాపూర్ వాళ్లే .32ల అశని చేస్తరు. గుర్తింపు ఉన్న క్రీడాకారుల సంగతి వేరు. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు ఆయుధాలే. డాలస్ తమ్మి వాపస్ వచ్చేటప్పుడు సామాన్లతోటి ఇది తెచ్చుకుంటననే ఆలోచన పెట్టుకోవద్దు.

మోడరేటర్:
వచ్చిన కాడికి ఇది కూడ. అమెరికాల హెచ్1బీ, ఎఫ్1 లాంటి వలసేతర వీసాల మీద ఉన్నోళ్లకు ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకి గాని తూటాలు గాని దగ్గర ఉండొద్దు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నయి. రేంజ్ల కిరాయికి తీసుకున్నా "దగ్గర ఉన్నట్టే" లెక్క. దోస్తు తోలుకపోయిండని పోయి పట్టుకోవద్దు. గ్రీన్ కార్డు ఉన్నోళ్లకు ఈ అడ్డం లేదు. దేవరకొండ తమ్మీ, నీకేమున్నది?

దేవరకొండ–డాలస్:
గ్రీన్ కార్డు ఉన్నదన్నా.

కల్వకుర్తి సుధ:
మీట మీద ఇంత లొల్లి పెట్టుకున్నరు, ట్రిగ్గర్ దాక వేలు అందుతదా అని ఒక్కలు అడగలే.

92ఎఫ్ఎస్ పిడి వెనక భాగం అరచేతికి పొంగి ఉంటది. రెండు వరసల మ్యాగజీన్, అల్యూమినియం ఫ్రేమ్, దాని మీద ఆ పొంగు. మొదటి దెబ్బ డబుల్ యాక్షన్ కాబట్టి ట్రిగ్గర్ ముందుకు దూరంగ నిల్చొని ఉంటది, లాగుడు బరువు సుమారు 12 పౌండ్లు. వేలు మొదటి గీత దాక అందకపోతే ఏమైతది? పిడిని చేతిల తిప్పి పట్టుకుంటం. తిప్పితే దెబ్బ బొటనవేలు ఎముక మీదికి వస్తది, గురి ఎడమకు పోతది. రెండో దెబ్బ నుంచి సింగిల్ యాక్షన్ (హ్యామర్ ముందే ఎక్కి ఉంటది), బరువు సగం కన్న తక్కువ, అప్పుడు గురి సరిగ్గ కూర్చుంటది. టార్గెట్ మీద మొదటి రంధ్రం ఒక్కటే ఎడమకు పక్కకు ఉండి, మిగతావన్నీ ఒక కాడ ఉంటే కారణం ఇదే.

92ఎక్స్, ఎం9ఎ4 రెండిట్లా వెర్టెక్ పిడి. వెనక భాగం నిటారుగ ఉంటది, ట్రిగ్గర్ కొంచెం దగ్గరికొస్తది. పెద్ద చేతుల వాళ్లకు ఎఫ్ఎస్ లెక్క పొంగుండే రబ్బరు గ్రిప్ చుట్టుకోవచ్చు. మధ్యరకం చెయ్యి అన్నడు కాబట్టి రెండు తీర్లా పట్టి చూడమనున్రి.

దాంతోపాటు ముందరి సైట్ (గురి చూసుకునే ముక్క). 92ఎఫ్ఎస్ల గది స్లైడ్తోటే కలిపి కోసిన ముక్క. నచ్చకపోతే మార్చరాదు, రంగు పూసుకొని బతకాలె. 92ఎక్స్ల డవ్టెయిల్ల (గాడిల) బిగించింది, వేరేది పెట్టుకోవచ్చు. లైట్ బిగించుకునే రైలు ఎఫ్ఎస్కు లేదు. ఇంటి రక్షణకు అంటున్నడు కద, చీకట్ల ఎదుట ఉన్నదెవరో లైట్ లేకుండ ఎట్ల తెలుస్తది? ఎం9ఎ4 స్లైడ్ మీద రెడ్ డాట్ (ఎర్ర చుక్క చూపే గురి అద్దం) పెట్టేందుకు కోత కూడ ఉంటది.

మిర్యాలగూడ సాంబ:
సుధక్క మాట ఒప్పుకుంటున్న. కని 12 పౌండ్ల లాగుడికి పిడి మార్చాల్సిన పని లేదు. హ్యామర్ స్ప్రింగ్ మార్చున్రి. కంపెనీ పెట్టేది 20 పౌండ్లది. 92డి మోడల్ కోసం బెరెట్టానే చేసిన 16 పౌండ్ల స్ప్రింగ్ అన్ని 92లకు సరిపోతది. డబుల్ యాక్షన్ బరువు 9 పౌండ్ల దగ్గరికి దిగుతది.

వనపర్తి రిపేరు:
16 కాడ ఆగితే నేను గూడ సరే అంట. కొందరు ఆగరు, 13కు, 12కు దిగుతరు. హ్యామర్ దెబ్బ పలచబడ్తది, గట్టి ప్రైమర్ (తూటా అడుగున దెబ్బకు అంటుకునే బిళ్ల) ఉన్న రౌండ్లు మొదటి దెబ్బకు పేలవు, ప్రైమర్ మీద నిస్సారమైన చుక్క పడి ఊరుకుంటది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. ఉత్త రేంజ్ పిస్టల్ అయితే నీ ఇష్టం. ఇంటి రక్షణకు పెట్టేదాంట్ల 16 దాటి కిందికి పోవద్దు, అది గూడ నువ్వు ఇంట్ల పెట్టే రౌండ్లే ఒక 100 కాల్చి చూసినంకనే.

మీట సంగతి కూడ ఒకటి మరిచిన. ఎఫ్ఎస్ను జి లెక్క మార్చే కిట్ బెరెట్టానే అమ్ముతది. ఎఫ్ఎస్ చవకగ దొరికితే కొని, తర్వాత మార్పించుకోవచ్చు. చిన్న స్ప్రింగులు ఎగిరి సోఫా కిందికి పోయే పని కాబట్టి చేతకాకపోతే ఆర్మరర్కు (తుపాకులు బాగుచేసేటోనికి) ఇయ్యాలె. ఉల్టా, జి ని ఎఫ్ఎస్ చేసేటోడు నాకైతే ఇంత వరకు కనవడలే.

దేవరకొండ–డాలస్:
వాడిన ఎఫ్ఎస్ చవకనే. దాంట్ల ఏమేం చూడాలె?

రిజర్వు ఆర్మరర్, నల్గొండ:
లాకింగ్ బ్లాక్. మిగతాదంత దాని తర్వాతనే.

ఊడదీసుడు 92ల అలక. మ్యాగజీన్ తీసి, చాంబర్ ఖాళీ చూసి, కుడి దిక్కు చిన్న బటన్ నొక్కి పట్టి, ఎడమ దిక్కు లాచ్ కిందికి తిప్పితే స్లైడ్ ముందుకు జారి వస్తది. ట్రిగ్గర్ నొక్కాల్సిన పని లేదు, గ్లాక్ల నొక్కాలె. రికాయిల్ స్ప్రింగ్, దాని కడ్డీ తీస్తే బ్యారెల్ బయటికొస్తది. బ్యారెల్ కింద వేలాడేదే లాకింగ్ బ్లాక్, రెండు దిక్కులా రెక్కలుంటయి. పేల్చినప్పుడు స్లైడ్ను బ్యారెల్ను కలిపి పట్టేవి ఆ రెక్కలే. రెక్క బ్లాక్ను కలిసే మూలల వెలుతురు పెట్టి చూడు. వెంట్రుక మందం గీత కనవడ్డా అది బీట. ఒక రెక్క విరిగితే స్లైడ్ సగంల బిగుసుకుంటది. పాత బ్లాకుల ఆ మూల చాకుతోటి కోసినట్టు ఉంటది, కొత్తవాటిల గుండ్రంగ చేసిండ్రు. పాత తరహాది ఉంటే గీత లేకున్నా కొత్తది వేయించు.

అది ఎందుకు విరుగుతది? చానా మటుకు రికాయిల్ స్ప్రింగ్ మార్చకపోవుడే. నీరసపడ్డ స్ప్రింగ్ ఉంటే స్లైడ్ వెనకకు జోరుగ పోయి కొట్టుకుంటది, ఆ దెబ్బ అంత బ్లాక్ తింటది. స్ప్రింగ్ 5,000 రౌండ్లకోసారి, బ్లాక్ 20,000 దగ్గర. నీ నెలకు 200 లెక్కల స్ప్రింగ్ రెండేండ్లకోసారి పడ్తది, బ్లాక్ ఎనిమిదేండ్లు వస్తది. వాడిన పిస్టల్ల ఎన్ని కాల్చిండ్రో ఎవడూ నిజం చెప్పడు, కొన్న రోజే రికాయిల్ స్ప్రింగ్, ట్రిగ్గర్ వాపస్ స్ప్రింగ్ రెండూ మార్చేయి. ఆ రెండోది విరిగితే ట్రిగ్గర్ ముందుకు రాదు, వేలితోటి తోసుకుంట కాల్చాల్సి వస్తది.

మ్యాగజీన్లు కూడ చూడు. ఇరాక్ల ఎం9కు చెడ్డపేరు తెచ్చింది పిస్టల్ కన్న ఎక్కువ మ్యాగజీన్లే. సర్కారు కాంట్రాక్టుకు ఇంకో కంపెనీ చేసిన వాటి లోపలి గరుకు పూతకు ఇసుక పట్టి, రౌండ్లు పైకి లేవలే.

కల్వకుర్తి సుధ:
చివరి రౌండ్ అయిపోయినా స్లైడ్ వెనక ఆగకపోతే మ్యాగజీన్ మీద నింద వెయ్యకు ముందే. రెండు చేతుల పట్టుల బొటనవేలు స్లైడ్ స్టాప్ మీద కూసుంటున్నదేమో చూసుకో. 92ల ఆ మీట పొడుగు.

దేవరకొండ–డాలస్:
సరే, ఎక్స్ జి మీదికే మనసు పోతున్నది. కని ముందు ఆ ఎఫ్ఎస్ను ఒకపారి చూసొస్త. షాపుల డీకాకర్ సరిగ్గున్నదో లేదో ఎట్ల తెలుస్తది?

రిజర్వు ఆర్మరర్, నల్గొండ:
షాపాయనను అడిగి చెయ్యి. మ్యాగజీన్ బయట, చాంబర్ ఖాళీ, రెండుసార్లు చూడు. హ్యామర్ ఎక్కించు. మూతిని ఎవరూ లేని దిక్కు మీదికి పెట్టి, రబ్బరు ఉన్న పెన్సిల్ను రబ్బరు కిందికి ఉండేటట్టు బ్యారెల్లకు వదులు. మీట దించు. హ్యామర్ పడాలె, పెన్సిల్ కదలొద్దు. మీట పైకి లేపి, మళ్లా హ్యామర్ ఎక్కించి ట్రిగ్గర్ నొక్కు, ఇప్పుడు పెన్సిల్ ఎగరాలె. మీట దించినప్పుడే పెన్సిల్ ఉలిక్కిపడ్డదంటే, ధర ఎంత తగ్గించినా సరే, దాన్ని కౌంటర్ మీదనే పెట్టి రా.