కొత్తవారు మరుసటి ఆదివారం కూడా మా చర్చికి రావాలంటే ఏం చేయాలి?

చిత్తూరులోని మా చర్చికి ఉద్యోగరీత్యా ఇతర జిల్లాల నుంచి వచ్చినవారితో పాటు, సరిహద్దు ఊళ్ల తమిళ కుటుంబాలు కూడా వస్తుంటాయి గాని, వారిలో చాలామంది ఒకటి రెండు ఆదివారాలకే మానేస్తున్నారు. గత నెల చంటిబిడ్డతో వచ్చిన ఒక తల్లి స్త్రీల వైపు ముందు బెంచీలో కూర్చుంటే, అది ఫలానా వారి చోటని లేపేశారు. కీర్తన సంఖ్య చెప్పినప్పుడు ఆమె చేతిలో పుస్తకం లేదు, ఇచ్చినవారూ లేరు, ఆశీర్వచనానికి ముందే ఆమె వాకిట్లో చెప్పులు వెతుక్కొని వెళ్లిపోయారు. చూస్తూ ఊరుకున్నవారిలో నేనూ ఉన్నాను, ఆ బాధ నన్ను వదలడం లేదు. బైబిలులోని యాకోబు పత్రిక 2వ అధ్యాయం మొదలయ్యేదే ఎవరిని ఎక్కడ కూర్చోబెడుతున్నారనే ప్రశ్నతో కదా.

కొత్తవారిని లేచి నిలబడి పేరు, ఊరు చెప్పమనడం మా ఆనవాయితీ. క్రైస్తవేతర కుటుంబాల నుంచి ఒంటరిగా వచ్చేవారికి అది ఇబ్బందికరమని, దానికి బదులు ఎవరైనా పక్కన కూర్చొని పేజీ చూపిస్తూ, ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే సంస్కారంలో) ఎవరు పాలుపొందవచ్చో ముందే నెమ్మదిగా చెప్పడం మేలని నాకు తోస్తోంది. మీ సంఘాలలో ఇలా చేశారా? తెలుగు చదవలేని వారికి కీర్తనలు ఎలా అందిస్తున్నారు? అలవాటైన చోటు వదలని పెద్దలను నొప్పించకుండా ఎలా ఒప్పించారో దయచేసి తెలియజేయగలరు.