ఐడిల్‌లో ఇంజిన్ ఊగిపోతోంది, ప్లగ్గులూ కాయిలూ మార్చినా తగ్గలేదు

తెల్లబండి:
పొద్దుటి నుంచీ దీని మీదే ఉన్నాను, ఓపిక అయిపోయింది. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, స్టీరింగూ సీటూ ఊగిపోతున్నాయి. రేసు ఇస్తే మామూలుగానే ఉంటుంది. చెక్ లైటు కూడా వెలిగింది. నాలుగు ప్లగ్గులూ కొత్తవి వేశాను, ఒక కాయిల్ మార్చాను, థ్రాటిల్ బాడీ శుభ్రం చేశాను. అదే వణుకు. ఇంజెక్టరే పోయిందంటారా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

మీటర్‌చూడు:
కోడ్ ఏది?

స్పానర్14:
ఐడిల్‌లో ఊగగానే అందరూ ప్లగ్గుల మీద పడతారు. ఇంజిన్‌ని మోసే రబ్బరు మౌంటింగ్‌లు ఎవరూ చూడరు. ఆటోమేటిక్ బండైతే బానెట్ ఎత్తి, హ్యాండ్‌బ్రేకు లాగి, బ్రేకు గట్టిగా తొక్కి డీలో ఒకసారి, రివర్స్‌లో ఒకసారి పెట్టించి పక్క నుంచి చూడండి. బండి ముందు మాత్రం నిలబడొద్దు. ఇంజిన్ ఒక పక్కకి బాగా లేస్తే ఆ వైపు రబ్బరు తెగినట్టే. లోపల ద్రవం ఉండే మౌంటింగ్ అయితే దాని కింద నల్లగా కారిన మరక ఉంటుంది. న్యూట్రల్‌లో వణుకు తగ్గి, డీలో పెరిగితే నా అనుమానం ముందు దాని మీదే. ఒక్కటే మార్చి ఊరుకోకండి. ఒకటి కుంగితే బరువు మిగతావాటి మీద పడుతుంది, అవీ త్వరగా పోతాయి.

తెల్లబండి:
కోడ్ పీ0304, అంటే 4వ సిలిండర్ సరిగా మండటం లేదని. కాయిల్‌ని 2వ సిలిండర్‌కి మార్చి చూశాను, ప్లగ్ కూడా మార్చాను. కోడ్ 4లోనే ఉంది. మౌంటింగ్‌లు పైకి బాగానే కనిపిస్తున్నాయండీ. హంటింగ్ అంటారే, అదేనా ఇది?

ఆయిల్‌డబ్బా:
కాదండీ. ఆర్‌పీఎం ముల్లు దానంతటది 600కీ 1100కీ మధ్య ఎక్కి దిగుతుంటే హంటింగ్. మీది మిస్సింగ్. ముల్లు దాదాపు ఒకచోటే ఉంటుంది, బండి మాత్రం లయగా కొడుతుంది. 750 ఆర్‌పీఎంలో ఒక్కో సిలిండర్ సెకనుకి 6 సార్లు మండాలి. ఒకటి మండకపోతే సెకనుకి 6 కుదుపులు. సీట్లో తెలిసేది అదే.

స్పానర్14:
షెడ్డులో ఏ వణుకొచ్చినా మిస్సింగ్ అనే అంటారు. పేరు ఏదైతేనేం?

ఆయిల్‌డబ్బా:
పేరు తప్పితే సామాను తప్పుతుంది. హంటింగ్ అయితే థ్రాటిల్ వైపు చూడాలి. ఒకే సిలిండర్ మిస్సింగ్ అయితే ఆ సిలిండర్‌కి అందే నిప్పు, పెట్రోలు, గాలి, కంప్రెషన్ చూడాలి. థ్రాటిల్ శుభ్రం చేశాక ఐడిల్ మళ్లీ నేర్పించకపోతే నాలుగింటికీ తేడా రావాలి గానీ ఒక్క 4కే రాదు. ఈయన విషయంలో నిప్పు బాగానే ఉందని తేలిపోయింది, మిగతా మూడే ఉన్నాయి.

మీటర్‌చూడు:
స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ చెప్పండి, అంటే కంప్యూటర్ పెట్రోలు ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో. ఐడిల్‌లో ఎంత, 2500లో ఎంత.

తెల్లబండి:
ఐడిల్‌లో షార్ట్ (అప్పటికప్పటిది) +6, లాంగ్ (స్థిరపడ్డది) +17. 2500లో +1, +3. మొదట వణుకు కొద్దిగానే ఉండేది. ప్లగ్గులు మార్చాకే ఇంత ఎక్కువైంది. వాటి మీదుగా ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంపే గొట్టాలు) ఉంటుంది కాబట్టి అది విప్పే మార్చాలి కదా.

మీటర్‌చూడు:
మానిఫోల్డ్ అతుకులో వేసే ప్యాకింగ్ కొత్తదా?

తెల్లబండి:
పాతదే. బాగానే ఉంది.

మీటర్‌చూడు:
అక్కడే ఉంది.

ఆయిల్‌డబ్బా:
మానిఫోల్డ్ విప్పిన సంగతి మొదటే చెప్పాల్సింది. ఐడిల్‌లో థ్రాటిల్ రేకు దాదాపు మూసుకుని ఉంటుంది. బయట ఒత్తిడి 100 కిలోపాస్కల్స్ ఉంటే మానిఫోల్డ్ లోపల 30-40 మాత్రమే. చిన్న సందు ఉన్నా గాలి లోపలికి దూరుతుంది, అది ఎయిర్‌ఫ్లో సెన్సార్ లెక్కలోకి రాదు. 4వ గొట్టం మొదట్లో సందు ఉంటే ఆ గాలి ఎక్కువగా 4కే పోతుంది, అక్కడ మిశ్రమం పలచబడి సరిగా అంటుకోదు. కంప్యూటర్ నాలుగింటికీ కలిపి పెట్రోలు పెంచుతుంది, మీ +17 అదే. 2500లో థ్రాటిల్ గుండా వచ్చే గాలే ఎక్కువ కాబట్టి ఆ సందు లెక్కలోది కాదు.

స్పానర్14:
ఎయిర్‌ఫ్లో సెన్సార్ బదులు మానిఫోల్డ్ ఒత్తిడి కొలిచే ఎంఏపీ సెన్సార్ బండైతే ట్రిమ్ అంత పెరగదు, ఐడిల్ పెరుగుతుంది. ఆ మాటా చెప్పండి. విప్పేముందు కార్బ్ క్లీనర్ కొట్టి చూస్తే సందు తెలిసిపోతుంది.

ఆయిల్‌డబ్బా:
ఎంఏపీ సంగతి నిజమే. క్లీనర్ మాత్రం వద్దు. వేడి ఎగ్జాస్ట్ మీద పడితే మంట అంటుకుంటుంది. పొగ పెట్టి చూసే యంత్రం దొరికితే అదే మేలు. లేకపోతే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, 4వ గొట్టం అతుకు మీద నీళ్లు పొగమంచులా కొట్టండి, కనెక్టర్ల మీద పడనివ్వకండి. ఒక్క క్షణం ఐడిల్ మారితే సందు అక్కడే. పీసీవీ పైపు (ఇంజిన్ లోపలి ఆవిరిని మానిఫోల్డ్‌కి తెచ్చేది), బ్రేక్ బూస్టర్ పైపు సరిగా దిగాయో లేదో కూడా చూడండి, మానిఫోల్డ్ తీసినప్పుడు ఊడేవి అవే. ప్యాకింగ్ కొత్తదే వేయండి, పాతది ఒకసారి నొక్కుకుపోతే మళ్లీ లేవదు. రెండు ముఖాలూ శుభ్రంగా తుడిచి, బోల్టులు మధ్యలోంచి బయటికి రెండు మూడు విడతల్లో బిగించండి. 6 ఎంఎం బోల్టులైతే 10 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది, అయినా మీ మాన్యువల్‌లో ఉన్నదే ఖాయం. ప్లాస్టిక్ మానిఫోల్డ్‌కి బలం చూపిస్తే పగులుతుంది.
చెక్ లైటు మిణుకుమిణుకుమంటుంటే బండి నడపకండి. మండని పెట్రోలు, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది.

మీటర్‌చూడు:
అప్పటికీ 4లోనే ఉంటే ఇంజెక్టర్ మార్చి చూడండి, తర్వాత కంప్రెషన్. ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి చూడాలి. 4లో తక్కువొస్తే చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు.

తెల్లబండి:
4వ గొట్టం దగ్గర ప్యాకింగ్ మడతపడి ఉంది. కొత్తది వేశాను. ఐడిల్‌లో లాంగ్ +2కి వచ్చింది, కోడ్ మళ్లీ రాలేదు. థాంక్సండీ.

స్పానర్14:
డీలో పెట్టి బ్రేకు తొక్కితే వణుకు పూర్తిగా పోయిందా, కొంచెం మిగిలిందా?