హాస్టల్ నుంచి వచ్చిన పిల్లగాడు మళ్లీ పోనంటున్నాడు – కేసు పెట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

పరకాల నాన్న:
మా చిన్నోడు ఆరో తరగతి. భక్తి, క్రమశిక్షణ వస్తాయని రెండేళ్ల కింద ఒక మత సంస్థ నడిపే హాస్టల్ స్కూల్లో వేసినం. ఏ మతమో, ఏ ఊరో రాయను. సంక్రాంతికి వస్తే వాళ్లమ్మ సకినాలు చేసింది. తిరిగి పంపడానికి ట్రంకు పెట్టె సర్దుతుంటే, వీడు విరగని సకినాలు ఏరి కాగితంలో వేరే కట్టుకుంటున్నాడు. "ఎవరికిరా?" అంటే "వార్డెన్ సార్‌కు. ఇచ్చిన రోజు కొట్టడు" అన్నాడు. అంగీ విప్పి చూస్తే వీపంతా బెల్టు వాతలు. కొన్ని పాతవి, కొన్ని ఇంకా పచ్చిగానే ఉన్నాయి. పండుగ నాడు తలస్నానానికి అంగీ విప్పనని ఎందుకు మొండికేశాడో అప్పుడర్థమైంది. స్కూలుకు ఫోన్ చేస్తే "దేవుడి చోటు, బయట మాట్లాడితే మీకే మంచిది కాదు" అన్నారు. మా అన్న టీసీ తెచ్చుకొని ఊరుకొమ్మంటున్నాడు. మూడు రాత్రులుగా నిద్ర లేదు.

హనుమకొండ లాయర్:
అన్నా, ఊరుకోకండి. ఇవాళే ఫొటోలు తీయండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చూపించి, దెబ్బలు ఎట్లా తగిలాయో డాక్టర్‌కు చెప్పి రాయించుకోండి. హాస్టల్ వేరే జిల్లాలో ఉన్నా మీ స్టేషన్‌లోనే జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వవచ్చు. పిల్లల బాధ్యత తీసుకున్న సంస్థలో పనిచేసేవాళ్లే ఇట్లా హింసిస్తే, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు ఉంది. ఇంకో మాట. "మాది మత పాఠశాల, మాకు వర్తించదు" అంటారు. 2012 సవరణలో మదర్సాలను, వేద పాఠశాలలను, ప్రధానంగా మత బోధన చేసే సంస్థలను మినహాయించింది విద్యా హక్కు చట్టం నుంచి మాత్రమే. 75వ సెక్షన్‌కు గానీ పిల్లల మీద లైంగిక నేరాలకు ఉన్న పోక్సో చట్టానికి గానీ అట్లాంటి మినహాయింపు లేదు. బాబును మాత్రం పదే పదే అడగొద్దు. వాడు చెప్పింది వాడి మాటల్లోనే, తారీఖు వేసి రాసి పెట్టుకోండి.

జమ్మికుంట:
ఆ సకినాల ముచ్చట చదివి చాలాసేపు అట్లనే కూర్చున్నా. నేనూ అట్లాంటి చోటే చదివాను, ఇప్పుడు 34 ఏళ్లు. ఇంటికి రాసే ఉత్తరం బోర్డు మీద ఉండేది, మేం చూసి ఎక్కించుకునేవాళ్లం. ఒకసారి చివర్లో "బాపూ, ఆదివారం రా" అని నా సొంతంగా రాశాను. ఆ ముక్క చింపి పోస్టు చేశారు. మా బాపు ఆ ఉత్తరం ఇప్పటికీ దాచుకున్నాడు, కింది అంచు వంకరగా ఉంటుంది. ఎందుకట్లా ఉందని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. నాకు జరిగింది దెబ్బలొక్కటే కాదు. ఇన్నేళ్ల తర్వాత కేసు పెట్టవచ్చా?

హనుమకొండ లాయర్:
పెట్టవచ్చు తమ్మీ. పోక్సో 2012 నవంబర్ 14 నుంచి అమలైంది, అంతకుముందు జరిగినవి అప్పటి శిక్షాస్మృతి ఐపీసీ కిందికి వస్తాయి. మూడేళ్లకు మించి శిక్ష పడే నేరాలకు కాలపరిమితి అడ్డు రాదు. సాక్ష్యం కష్టమే, కాదనను. అప్పటి దోస్తులను వెతకండి. ఆ ఉత్తరం జాగ్రత్త.

డల్లాస్ నుంచి (మాది కరీంనగర్):
ఇక్కడ జరిగింది ఒకటి చెప్తాను. ఇస్కాన్ గురుకులాల్లో చదివిన 44 మంది, చిన్నప్పుడు తమను హింసించారని ఆరోపిస్తూ 2000లో డల్లాస్ కోర్టులో 40 కోట్ల డాలర్లకు దావా వేశారు. వాళ్లు చెప్పినవి ఎక్కువగా 1970లు, 80ల నాటివి. మన దేశంలోని గురుకులాల సంగతి కూడా అందులో ఉంది. ఫెడరల్ కోర్టు కొట్టేస్తే రాష్ట్ర కోర్టుకు పోయారు. కొన్ని ఆలయాలు దివాలా రక్షణ కోరాయి. చివరికి 2005లో సుమారు 95 లక్షల డాలర్లకు సెటిల్ అయింది, అప్పటికి బాధితుల సంఖ్య వందలు దాటింది. దానికి ముందే, 1998లో, ఆ సంస్థ సొంత పత్రికలోనే పిల్లల మీద జరిగిన హింస గురించి వ్యాసం వచ్చింది. నన్ను కలచివేసేది డబ్బు లెక్క కాదు. కోర్టు మెట్లెక్కేసరికి ఆ పిల్లలు పెద్దవాళ్లైపోయారు.

మెట్‌పల్లి అక్క:
నేను ఒక హాస్టల్‌లో ఆయాగా నాలుగేళ్లు చేశాను. ఒక పాప రాత్రి నా కొంగు పట్టుకొని వదలలేదు. పెద్దాయనకు చెప్తే "ప్రార్థన చేయి, మరిచిపో" అన్నారు. పని మానేశాను. మానేశాను కానీ ఎవరికీ చెప్పలేదు, ఆ పాప అక్కడే ఉండిపోయింది.

హనుమకొండ లాయర్:
అక్కా, ఆ పాప సంగతి ఇప్పుడైనా చెప్పవచ్చు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోతే పోక్సోలో అదీ నేరమే. సంస్థ నడిపేవాళ్లయితే ఏడాది దాకా జైలు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. తోడు కావాలంటే నేనొస్తాను. అందరికీ ఒక మాట: పిల్లల పేర్లు, స్కూలు పేర్లు ఇక్కడ రాయకండి. పిల్లలను గుర్తుపట్టేలా ఏదీ బయటపెట్టకూడదు.

పరకాల నాన్న:
నిన్న ఫిర్యాదు ఇచ్చినం. లేడీ ఎస్సై చుడీదార్‌లో ఇంటికొచ్చి, వాడితోపాటు అరుగు మీద కూర్చున్నది. గంటసేపు కబడ్డీ గురించే మాట్లాడింది, తర్వాత వాడే చెప్పాడు. పొద్దున ఒక ఫోన్ వచ్చింది. వీడి పక్క మంచం పిల్లగాడి తండ్రి, భూపాలపల్లి దిక్కు. "మీరు పోతే మేమూ వస్తం అన్నా" అన్నాడు. సోమవారం ఇద్దరం కలిసి పోతున్నం.