పోంటె వెక్కియో మీద అన్నీ నగల దుకాణాలే ఉండడం మేలా, లోటా?

నదీతీరం:
గత నెల ఇటలీలోని ఫ్లోరెన్సులో ఆర్నో నది మీది పోంటె వెక్కియో వంతెనను చూసి వచ్చాను. 1345 నాటి రాతి వంతెన అని, ఇరువైపులా అంగళ్ళతో అదొక వీధిలా ఉంటుందని చదివి ఎంతో ఆశతో వెళ్ళాను. తీరా చూస్తే వరుసగా నగల దుకాణాలే. నది కనబడాలంటే దుకాణాలు లేని నడిమి ఖాళీ చోటు దాకా జనంలో నడవవలసి వచ్చింది. కొన్ని అంగళ్ళనైనా తోలు పనివారికో, పుస్తకాలు కుట్టేవారికో ఇస్తే అది మళ్ళీ అసలైన బజారు అవుతుందని నా అభిప్రాయం. మీరేమంటారు?

రాతికమాను:
నదీతీరం గారూ, ఆ నగల దుకాణాలు నిన్నమొన్న పర్యాటకుల కోసం వెలసినవి కావు. 15వ శతాబ్దంలో ఆ వంతెన మీద కసాయి అంగళ్ళుండేవి, వ్యర్థాలన్నీ నేరుగా నదిలోకి పోయేవి. 1565లో ఊరిని ఏలిన మెడిచీ వంశపు కోసిమో కోసం వాస్తుశిల్పి జార్జో వసారి పలాజ్జో వెక్కియో అనే పాలనా భవనం నుంచి నదికి అవతలి పిట్టీ భవనం దాకా ఒక నడవాను కట్టాడు, అది ఈ అంగళ్ళ కప్పుల మీదుగానే సాగుతుంది. 1593లో కోసిమో కొడుకు ఫెర్డినాండో కసాయివారిని పంపివేసి స్వర్ణకారులకు చోటిచ్చాడు. నాలుగు వందల ఏళ్ళకు పైగా ఒకే వృత్తి ఒకే వంతెన మీద నిలవడం సామాన్యమైన సంగతి కాదు. 1944 ఆగస్టులో వెనుదిరుగుతున్న జర్మను సైన్యం ఊరిలోని తక్కిన వంతెనలన్నిటినీ పేల్చివేసి, దీన్ని వదిలిపెట్టినా, దారి మూయడానికి రెండు చివరల ఉన్న పాత ఇళ్ళను కూల్చింది. 1966 నవంబరు 4న వరద దుకాణాలలోకి చొరబడి అంగళ్ళను ఛిన్నాభిన్నం చేసింది. అయినా స్వర్ణకారులు తిరిగి అక్కడికే వచ్చారు. అలాంటివారిని ఇప్పుడు లేవమనడానికి నా మనసు ఒప్పుకోదు.

గోదావరిగట్టు:
రాతికమాను గారి మాటలో నాకొక చిక్కు కనిపిస్తోంది. 1593 నాటి ఆజ్ఞ కూడా అప్పటికే అక్కడున్నవారిని లేవగొట్టినదే కదా, పాతదైనందువల్ల మాత్రమే అది న్యాయమవుతుందా? జర్మనీలోని ఎర్‌ఫుర్ట్‌లో 1325లో రాతితో కట్టిన క్రేమర్‌బ్రూకె అనే వంతెన ఉంది, దాని మీద ఇప్పుడు 32 ఇళ్ళున్నాయి. కింద దుకాణాలు, పైన కాపురాలు. ఇళ్ళలో చాలా భాగం నగరపాలక సంస్థవే కావడం వల్ల ఏ వృత్తికి చోటివ్వాలన్నది అక్కడ ఆలోచించి నిర్ణయించే వీలుంది. రెండూ చూసిన నాకు మనుషులు బతుకుతున్న వంతెనగా తోచింది ఎర్‌ఫుర్ట్‌దే.

రాతికమాను:
ఎర్‌ఫుర్ట్‌లో ఇళ్ళు ఊరివి కాబట్టి అది సాధ్యమైంది. ఫ్లోరెన్సులో అదే పని చేయాలంటే దుకాణం నడుపుకుంటున్న కుటుంబాలను కదిలించవలసి వస్తుంది. మరొక మాట. సరుకు మారితేనే వంతెన జీవకళ తిరిగి వస్తుందనడం సరికాదు. నదీతీరం గారు పక్కనున్న శాంతా త్రినీతా వంతెన మీద నుంచి దీన్ని చూశారో లేదో. దుకాణాల వెనుక చోటు చాలక, గోడకు ఊతకర్రలు పెట్టి నది మీదికి పెంచుకున్న చిన్న గదులు అక్కడి నుంచి స్పష్టంగా కనిపిస్తాయి. ఇరుకు చోట వృత్తి సాగించినవారి అవసరమే ఆ రూపాన్ని ఇచ్చింది. వంతెన మీద నడిచేటప్పుడు అది తెలియదు.

నదీతీరం:
చూశాను, సాయంత్రం వేళ. ఆ గదులను చూసినప్పుడే లోపల ఎవరైనా కూర్చుని బంగారాన్ని సాగగొడుతుంటారేమోనని అనిపించింది. నా అసంతృప్తికి మూలం బహుశా అదే. అద్దాల వెనుక తయారైన నగలు కనిపించాయి గాని, చేసే చేతులు కనిపించలేదు. దుకాణాలు స్వర్ణకారులవే ఉండనివ్వండి. ప్రతివారూ కొంత పనినైనా అక్కడే, చూసేవారి ఎదుట చేయాలన్న నియమం పెడితే గోదావరిగట్టు గారు ఒప్పుకుంటారా?

గోదావరిగట్టు:
ఒప్పుకుంటాను. అయితే కొత్తగా ఖాళీ అయ్యే అంగళ్ళలో ఒకటి రెండింటినైనా వేరే చేతిపనివారికి ఇవ్వాలన్న నా కోరికను మాత్రం వదులుకోను.