ఫౌస్టీనా నాణెంలో రాగి కనిపిస్తోంది, పాతదేనా?

నమస్కారమండీ. రోమన్ రాణుల బొమ్మలున్న డెనారియస్‌లు (ఆనాటి రోమన్ వెండి నాణేలు) పోగుచేస్తున్నాను. ఈమధ్య పెద్ద ఫౌస్టీనాది (అదే పేరున్న కూతురిది కాదు) ఒకటి కొన్నాను. ఆమె చనిపోయాక భర్త, చక్రవర్తి ఆంటొనైనస్ పయస్ ‘దివా ఫౌస్టీనా’ (దేవత అయిన ఫౌస్టీనా) అని వేయించిన రకం. జడలల్లి నడినెత్తిన చుట్టిన ఆ కొప్పు ఎంత బాగుందో!

కానీ మెడ దగ్గర వెండి లేచిపోయి, లోపల ఎర్రగా రాగి కనిపిస్తోంది. తూకం 2.6 గ్రాములే. మామూలుగా 3 గ్రాములు దాటాలి కదా. రోమన్ల కాలంలోనే రాగి బిళ్లకు వెండి రేకు తొడిగి దొంగనాణేలు చేసేవారు. ఇది అలాంటిదా, ఈ కాలపు నకిలీనా? పోతపోసిన నకిలీలకుండే అంచు మీద అతుకు గీత, పైన బుడగల గుంటలు లెన్స్‌తో వెతికాను, కనబడలేదు. ఇంకేం చూడాలి? ఆ కాలపుదైతే దొంగదైనా ఉంచేసుకుంటాను. వాపసుకు నాలుగు రోజులే గడువుంది, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.